ఆఖరిదాకా ఉన్నవాడు

2022 మార్చి 20, ఆదివారం. కోరుట్లలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నది ఇద్దరమే, నేనూ మా చిన్నబాపూ. గోవాలో ఫటోర్డా మైదానం పసుపురంగు పులుముకొని ఉంది. ఆ పసుపంతా కేరళ బ్లాస్టర్స్ కోసం వచ్చిన మలయాళీలది. ఎదురు నిలిచింది హైదరాబాద్ ఎఫ్‌సీ. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. మన జట్టుకు కేక వేసేవాళ్లు ఆ మైదానంలో చాలా తక్కువ. మన ఊళ్లలో టీవీ పెట్టుకొని చూసినవాళ్లు అంతకన్నా తక్కువేమో. చిన్నబాపుకు ఫుట్‌బాల్ అలవాటైంది గల్ఫ్‌లో. లేబర్ క్యాంపు వెనక ఇసుకలో ప్రతి శుక్రవారం నేపాలీలు, మలయాళీలు, ఆఫ్రికా వాళ్లు ఆడుతుంటే, మనవాళ్లు చెప్పులు విడిచి వాటిమీదే కూర్చుని చూసేవారట.

68వ నిమిషంలో కేరళ కుర్రాడు రాహుల్ గోల్ కొట్టాడు. మైదానం అదిరిపోయింది. ఇక అయిపోయిందనుకున్న వేళ, 88వ నిమిషంలో సాహిల్ తవోరా ఒక్క దెబ్బతో స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీలకు వెళ్లారు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. అందులో నిషు కుమార్ తన్నినదాన్ని మళ్లీ తన్నాలని రిఫరీ అంటే, మళ్లీ ఆపాడు. హైదరాబాద్ తరఫున అందరికన్నా ముందు బంతి దగ్గరికి నడిచింది కెప్టెన్ జావో విక్టర్. బ్రెజిల్ మనిషి, ముప్పై దాటిన మిడ్‌ఫీల్డర్. తొణక్కుండా తన్ని లోపల వేశాడు. చివరికి 3-1తో మనవాళ్లు గెలిచారు. హైదరాబాద్ ఛాంపియన్.

చిన్నబాపు తెరమీదికి వేలు చూపించాడు.

"గా చేతికి పట్టీ కట్టుకున్నాయన ఎవలు?"

"జావో విక్టర్. బ్రెజిల్."

"గంత దూరంకెళ్లి మనకాడికి పనికొచ్చిండా?"

ఆటకొచ్చాడని అనలేదు, పనికొచ్చాడన్నాడు. నేను సర్దబోతే, "నెలకింత అని కాయితం రాసుకుంటరు గదా, పనే" అని తేల్చేశాడు. కాసేపాగి, "పైసలు నెలనెలా ఇస్తున్నరా మరి?" అని అడిగాడు. నేను నవ్వాను. "ఛాంపియన్లు చిన్నబాపూ, ఇయ్యకుంటరా?" అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ప్రాణం చివుక్కుమంటుంది.

మిడ్‌ఫీల్డర్ పని ఏమిటో సిరిసిల్లలో మా మేనత్త కొడుక్కి చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు మరమగ్గమే అక్కరకొచ్చింది. వాళ్లింట్లో నాలుగు సాంచెలు. గది నిండా చప్పుడు, ఆ చప్పుడులో పడుగు పోగుల మధ్య నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, కంటికి ఆనకుండా తిరుగుతూనే ఉంటుంది. అది ఒక్క క్షణం తడబడితే పోగు తెగుతుంది, గుడ్డ పాడవుతుంది. చీర కట్టుకున్నవాళ్లకు అంచు కనిపిస్తుంది, కొంగు కనిపిస్తుంది. నాడె తిరిగిన జాడ కనిపించదు. జావో విక్టర్ ఆడే చోటు అలాంటిది. రక్షణ వరుసకు కాస్త ముందు నిలబడి ఎదుటివాడి కాలి నుంచి బంతి లాగడం, దాన్ని కుదురుగా ముందున్నవాడికి అందించడం, మళ్లీ వెనక్కి పరుగెత్తడం. ఆ ఏడాది 18 గోల్స్ కొట్టి బంగారు బూటు గెలిచిన నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఒగ్బెచె పేరు అందరి నోటా నానింది. అతని కాలికి బంతి చేరేలోగా జరిగిన పనిని లెక్కపెట్టినవాళ్లు తక్కువ.

జావో విక్టర్ 2020లో గ్రీసులోని ఓఎఫ్ఐ క్రీట్ అనే క్లబ్బు నుంచి ఇక్కడికి వచ్చాడు. అంతకుముందు స్పెయిన్‌లో మయోర్కా తరఫున లా లిగాలో ఆడినవాడు. ఒక దేశంలో ఒప్పందం అయిపోగానే పెట్టె సర్దుకొని మరో దేశానికి పోయే వృత్తి ఆటగాళ్లు ఇలాంటివాళ్లు ప్రపంచంలో వేలమంది ఉంటారు. పత్రికల్లో పతాక శీర్షికలకెక్కే ఆటగాళ్ల కథ వేరు, వీళ్ల కథ వేరు. రెండేళ్ల కాయితం, ఒక ఏజెంటు, కొత్త భాష, కొత్త తిండి, ఫోన్లో ఇంటివాళ్లు. మా జగిత్యాల బస్టాండులో నిలబడి ఎవరిని అడిగినా ఈ బతుకు గురించి గంటసేపు చెప్పగలరు.

అతడు వచ్చేనాటికి హైదరాబాద్ ఎఫ్‌సీ లీగులో అట్టడుగు జట్టు. 2019 ఆగస్టులో పుట్టింది. మూతపడిన పుణె జట్టు చోటులో వచ్చింది. మొదటి ఏడాది 18 మ్యాచుల్లో రెండంటే రెండు గెలిచి, 10 పాయింట్లతో చివర నిలిచింది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే కోచ్ వచ్చాడు. ఆయన చేతుల్లో, జావో విక్టర్ లాంటివాళ్ల కాళ్లమీద ఆ జట్టు రెండేళ్లలో నిలదొక్కుకుంది. మొదట ఐదో స్థానం, ఆ మరుసటి ఏడాది లీగు పట్టికలో రెండో స్థానం, ఆ తర్వాత ఫటోర్డా రాత్రి.

ఇందులో నన్ను ఎప్పుడూ కలిచివేసే సంగతి ఒకటుంది. ఆ రెండేళ్లూ కరోనా కాలం. లీగు మొత్తం గోవాలోనే, హోటళ్ల గోడల మధ్య, ఆ ఫైనల్ తప్ప జనం లేని మైదానాల్లో నడిచింది. హైదరాబాద్ పేరు గుండెల మీద వేసుకొని ఛాంపియన్లయిన ఆటగాళ్లు ఆ రెండేళ్లలో గచ్చిబౌలిలో ఒక్క లీగు మ్యాచ్ కూడా ఆడకుండానే ఛాంపియన్లయ్యారు. ఏ ఊరి కోసం చెమటోడ్చారో ఆ ఊరు వాళ్లను కంటితో చూడలేదు. ఎడారిలో కట్టిన మేడల్లోకి కట్టినవాళ్లకు ప్రవేశం ఉండదని మన పల్లెల్లో అంటుంటారు. ఇక్కడ అదే తిరగబడింది. వాళ్లు కట్టిన మేడలోకి మనమే పోలేదు.

నిజానికి ఫుట్‌బాల్ హైదరాబాద్‌కు కొత్త కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ ఎత్తింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు భారత జట్టును తీసుకెళ్తే నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో మన ఊరి పిల్లలు అరడజనుకు పైనే. వాళ్లలో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఒకడు. పోలీసులు పారేసిన పాత బూట్లతో మోచీ దగ్గర ఆట బూట్లు కుట్టించుకున్నవాడు. రోజూ నగరం దాకా వచ్చి సాధన చెయ్యడానికి సైకిల్ అద్దె డబ్బులు రహీం సాబ్ ఇచ్చేవారని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు. 1957లో బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అదీ వలసే. ఇక్కడ పేరుంటే అక్కడ పేరూ జీతమూ రెండూ ఉండేవి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు. ఇరవై ఏడేళ్లకే ఆట ఆగిపోయింది. అదే 1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. బలరాం తిరిగి ఇంటికి రాలేదు. ఒంటరిగా హుగ్లీ ఒడ్డునే ఉండిపోయి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయాడు. ఆ ఫిబ్రవరిలో హైదరాబాద్ ఎఫ్‌సీ లీగు పట్టికలో పైన వెలిగిపోతోంది. ఆ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టుకొని నేను చాలాసేపు కూర్చున్నాను. మన దగ్గర నుంచి పోయిన ఆటగాడు ఎక్కడో పోయాడు. ఎక్కడినుంచో వచ్చిన ఆటగాడు మన పేరు నిలబెడుతున్నాడు.

2022 చివర్లో ఎట్టకేలకు జట్టు ఇంటికొచ్చింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో 30 వేల మంది పడతారు. అది నిండడం అరుదు. అయినా జట్టు బాగా ఆడింది. 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం. సెమీఫైనల్లో కలకత్తా జట్టుతో రెండు మ్యాచుల్లోనూ ఎవరికీ గోల్ పడక, పెనాల్టీల్లో ఓడింది. ఓడినా తలెత్తుకొని ఓడింది. అప్పుడు ఎవరైనా వచ్చి ఏడాది తిరిగేసరికి ఈ జట్టు ఆనవాలు లేకుండా పోతుందని చెబితే నేను కొట్టిపారేసేవాణ్ని.

కూలిపోవడం అంటే ఒక్క పెట్టున కూలుతుందని చూడనివాళ్లు అనుకుంటారు. మన దగ్గర మిడిల్ క్లాసు ఇల్లు అప్పుల్లో మునిగినప్పుడు ఎట్లా ఉంటుంది? మొదట పాలవాడి బాకీ, తర్వాత కిరాణా బాకీ, ఆ తర్వాత పిల్లల ఫీజు. క్లబ్బు కూడా అట్లాగే పోయింది. మనోలో గోవా జట్టుకు వెళ్లిపోయాడు. ఒగ్బెచె వెళ్లిపోయాడు. ఆటగాళ్ల జీతాలు, సిబ్బంది జీతాలు ఆగడం మొదలైంది. పాత బాకీలు తీర్చనందుకు కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. 2023 డిసెంబరులో జంషెడ్‌పూర్‌లో జట్టు దిగిన హోటలు బిల్లు చెల్లించలేదని హోటలువాళ్లు పోలీసుల దాకా వెళ్లారు. ఛాంపియన్ల పేరు హోటలు బాకీల వార్తల్లోకి ఎక్కింది. జనవరికల్లా విదేశీ ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఒప్పందాలు తెంచుకొని వెళ్లిపోయారు. మెక్సికో జాతీయ జట్టుకు ఆడిన ఒస్వాల్డో అలానిస్ వెళ్లాడు. ఫిన్లాండ్ మిడ్‌ఫీల్డర్ పెటెరి పెన్నానెన్ వెళ్లాడు. కోస్టారికా ఫార్వర్డ్ జొనాథన్ మోయా వెళ్లాడు. కోచ్ కూడా వెళ్లాడు. పేరున్న భారత ఆటగాళ్లు వేరే క్లబ్బుల్లో చేరారు.

ఒక్క విదేశీ ఉండిపోయాడు. జావో విక్టర్.

అతని చుట్టూ మిగిలినవాళ్లు ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న పిల్లలు. మిజోరం నుంచి, మణిపూర్ నుంచి, కేరళ నుంచి వచ్చినవాళ్లు. కొందరికి అదే మొదటి జీతం, అదీ చేతికి రాని జీతం. తాంగ్‌బోయ్ సింగ్టో అనే మణిపురీ కోచ్ వాళ్లను పోగేసి ఆడించాడు. వారం వారం ఓడిపోయారు. ఓడిపోతూనే దిగారు. మార్చిలో చెన్నై వెళ్లి చెన్నయిన్ మీద 1-0తో గెలిచారు. ఆ ఏడాదంతటికీ అదొక్కటే గెలుపు. ఆ రోజు ఆ పిల్లలు మైదానంలో ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారో నవ్వారో తెలియనంతగా కలగలిసిపోవడం చూస్తే, కప్పు గెలిచిన రోజు కూడా నాకంత దుఃఖం ఆనందం కలిసి రాలేదు.

ఆ రోజుల్లోనే, 2024 ఫిబ్రవరిలో, సిరిసిల్ల ప్రాంతం మనుషులు దుబాయ్ జైలు నుంచి ఇంటికొచ్చారు. ఐదుగురు. ఒక హత్యకేసులో పద్దెనిమిదేళ్లు లోపలున్నవాళ్లు. శంషాబాద్‌లో దిగినప్పుడు, పోయేనాటికి చంటిపిల్లలుగా ఉన్నవాళ్లు పెద్దవాళ్లై ఎదురొచ్చారు. టీవీలో చూస్తూ మా ఇంట్లో ఆడవాళ్లంతా ఏడ్చారు. నా మనసు మాత్రం ఎందుకో ఆ విమానాశ్రయంలోనే, ఇంకో తలుపు దగ్గర, నెల కిందట పెట్టెలు తోసుకుంటూ వెళ్లిపోయిన ఆటగాళ్ల మీదికి పోయింది. వాళ్ల కష్టం వీళ్ల కష్టంతో తూగదు, ఆ మాట నాకు తెలుసు. కానీ రావలసింది రాకుండా విమానమెక్కే మనిషి ముఖం ఎక్కడైనా ఒకటే. శంషాబాద్ ఆ ముఖాన్ని వచ్చే తలుపు దగ్గర ఎన్నోసార్లు చూసింది. పోయే తలుపు దగ్గర చూడడం నాకు తెలిసి అదే మొదటిసారి.

జావో విక్టర్ ఎందుకుండిపోయాడని పత్రికలు రాసినప్పుడు విధేయత అన్నాయి, ప్రేమ అన్నాయి. అందులో నిజం ఉండే ఉంటుంది. నాలుగేళ్లు ఒక జెర్సీ వేసుకున్నవాడికి దానిమీద మమకారం ఉండదని ఎవరనగలరు? నేను కూడా అదే మాట చిన్నబాపుతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. లోపలికి పోయి బీరువా తెరిచి ఒక నోటుబుక్కు తెచ్చాడు.

బడిపిల్లలు రాసుకునే రెండు వందల పేజీల పుస్తకం. అట్ట మీద చెమట మరకలు. లోపల తెలుగులో, ఆయన వంకర టింకర అక్షరాల్లో పేర్లు. పేరు పక్కన ఊరు: మెట్‌పల్లి, ధర్మపురి, కథలాపూర్, వేములవాడ, ఎల్లారెడ్డిపేట. ఊరి పక్కన నిలువు గీతలు. ఒక గీత అంటే జీతం రాని ఒక నెల. ఆయన స్టీల్ ఫిక్సర్. పనిచేసిన కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు, అలాంటివి ఎన్నో. జీతాలు ఆగినప్పుడు క్యాంపులో అరవై మంది ఉన్నారట. మొదట మెస్సు ఆగింది. తర్వాత జనరేటరుకు డీజిల్ ఆగింది. ఎండకాలం గదుల్లో పడుకోలేక రాత్రుళ్లు డాబా మీద తడి దుప్పట్లు కప్పుకొని పడుకున్నారు. చేతనైనవాళ్లు కంపెనీ వదిలి, ఖల్లివెల్లి అయి బయట పనికి పోయారు. ఇంటి నుంచి టిక్కెట్టు డబ్బులు తెప్పించుకోగలిగినవాళ్లు వెళ్లిపోయారు. నెలలు గడిచేకొద్దీ అరవై మంది నలభై అయ్యారు, నలభై పదకొండు అయ్యారు.

"నువ్వెందుకు రాలే అప్పుడే?" అని అడిగాను. ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని ప్రశ్న.

"పోతె లెక్క పోతది కొడుకా" అన్నాడు. "మనిషి ఆడ ఉన్నంతసేపే వాడు బాకీ. ఫ్లైటెక్కినంక ఎవనికి బాకీ, ఎక్కడి బాకీ? అందరి లెక్క గీ బుక్కుల ఉండె. నేను ఉంటె అది ఉంటదనుకున్న."

ఆ మాట విన్నాక జావో విక్టర్ ఉండిపోవడాన్ని విధేయత అనే ఒక్క మాటతో సరిపెట్టడానికి నాకు నోరు రావడం లేదు. అతని మనసులో ఏముందో ఊహించే హక్కు నాకు లేదు. కానీ జీతం రాని చోట ఉండిపోయిన మనిషిని దూరం నుంచి మెచ్చుకోవడం తేలిక. అతన్ని ఆ స్థితిలో నిలబెట్టిందెవరని అడగడం కష్టం. ఈసారి నిలబెట్టింది ఏ ఎడారి కంపెనీయో కాదు, మన రాజధాని పేరు పెట్టుకున్న క్లబ్బు. మన పిల్లల జీతాలు ఎగ్గొట్టిన అరబ్బు షేక్‌లను తిట్టుకుంటూ పెరిగిన తరం మాది. మన గడప దగ్గరికి పనికొచ్చినవాడికి అదే జరిగినప్పుడు మా ఊళ్లలో ఎవరూ గొంతెత్తలేదు. నేనూ ఎత్తలేదు. స్కోర్లు చూసి బాధపడ్డానంతే.

ఒక తేడా ఉంది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. ఆటగాడికి ఫిఫా ఉంది. 2018 నుంచి ఉన్న నిబంధన ప్రకారం రెండు నెలల జీతం ఆగితే, క్లబ్బుకు 15 రోజుల గడువిచ్చి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అప్పటికీ ఇవ్వకపోతే ఒప్పందం తెంచుకొని వేరే క్లబ్బుకు పోవచ్చు, బాకీ కోసం కేసు వెయ్యచ్చు. కట్టని క్లబ్బుకు కొత్త ఆటగాళ్లు దొరకరు. అందుకే ఆ విదేశీ ఆటగాళ్లు జనవరిలో తలెత్తుకొని వెళ్లగలిగారు. చిన్నబాపు కాలంలో గల్ఫ్‌లో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకుండా కంపెనీ మారడం కుదరదు, కొన్నిచోట్ల దేశం దాటడమే కుదరదు. కంపెనీ మారడానికి కఫీల్ ఒప్పుకోవాలన్న నిబంధనను కతార్ ఎత్తేసింది 2020లో, ప్రపంచకప్ ముంగిట లోకమంతా వేలెత్తి చూపాక. ఆటగాడి జీతం ఆగితే పదిహేను రోజుల గడువు. స్టేడియం కట్టినవాడి జీతం ఆగితే నోటుబుక్కులో గీత.

ఆ రెండు బతుకులూ ఒకే మనిషిలో కలిసిన సందర్భమూ ఉంది. కతార్‌లో ప్రపంచకప్ కోసం పనిచేసే కూలీలకు కంపెనీలవారీగా ఒక ఫుట్‌బాల్ పోటీ పెట్టేవారు. దానిమీద 2017లో ‘ది వర్కర్స్ కప్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. అందులో ఘనా దేశపు కుర్రాడొకడు ఉంటాడు. ఫుట్‌బాల్ క్లబ్బులో చేర్పిస్తానని ఏజెంటు చెబితే నమ్మి డబ్బు కట్టి వచ్చాడు. దిగాక తెలిసింది, తాను వచ్చింది నిర్మాణ కంపెనీ క్యాంపుకని. మా జగిత్యాలలో ఆఫీస్ బాయ్ వీసా అని చెప్పి ఎడారిలో ఒంటెలు కాసే పనికి పంపిన ఏజెంట్ల కథలు విని పెరిగాను గనక, ఆ కుర్రాడు కెమెరా ముందు తలదించుకున్నప్పుడు నాకు అతని భాష అక్కర్లేకపోయింది.

2024 ఏప్రిల్ 12. శుక్రవారం. గల్ఫ్ నుంచి వచ్చి పన్నెండేళ్లైనా చిన్నబాపు శుక్రవారం పొలంకాడికి పోడు. అది సెలవే. సాయంత్రం మళ్లీ ఇద్దరమే టీవీ ముందు. గచ్చిబౌలిలో సీజన్ చివరి మ్యాచ్, ఎదుట అదే కేరళ బ్లాస్టర్స్. అదే వారం రహీం సాబ్ జీవితం మీద తీసిన ‘మైదాన్’ సినిమా విడుదలైంది. ఊళ్లలో పోస్టర్లు పడ్డాయి. హైదరాబాద్ ఫుట్‌బాల్ పాత వైభవం గురించి పత్రికలన్నీ రాస్తున్నాయి. గచ్చిబౌలిలో మాత్రం కుర్చీలు ఖాళీ. కేరళ మూడు గోల్స్ కొట్టింది. ఇక ఏమీ మిగల్లేదు. ఓడినా గెలిచినా పట్టికలో స్థానం మారదు, చివరిదే. ఆట ముగియవస్తుండగా బంతి హైదరాబాద్ ఆటగాడి కాలికి అందింది, వలలో పడింది.

కొట్టింది జావో విక్టర్.

గోల్స్ కొట్టడం అతని పని కాదు. అయినా ఆ ఏడాది చివరి గోల్ అతనిదే అయింది. చేతులు చాపి పరుగెత్తే సంబరం లేదు, గుంపులో పడే కౌగిలింతలు లేవు. ఆట మళ్లీ మొదలుపెట్టడానికి అందరూ మధ్యగీత దగ్గరికి నడిచారు. 1-3తో ఓడారు. రెండేళ్ల కిందట కేరళ మీదే పెనాల్టీల్లో 3-1తో గెలిచి కప్పెత్తిన మనిషి, ఆ అంకెలే తలకిందులై తనను ఓడించిన రాత్రి, ఖాళీ కుర్చీల వైపు చేతులెత్తి చప్పట్లు కొట్టాడో లేదో నేను చూడలేకపోయాను. ప్రసారం ఆగిపోయింది. 22 మ్యాచులు. ఒక గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. 8 పాయింట్లు.

చిన్నబాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు.

"ఇచ్చిండ్రా?"

రెండేళ్ల కింద నేను నవ్విన ప్రశ్న. ఈసారి నా దగ్గర నవ్వు లేదు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. 2024లో క్లబ్బు జిందాల్ సంస్థల చేతికి మారింది. ఆ ఏడాది కొత్తవాళ్లతో ఆడి పదమూడు జట్లలో పన్నెండో స్థానంలో నిలిచింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. ఆరేళ్లు జెర్సీ మీదున్న మన ఊరి పేరు ఒక ప్రకటనతో చెరిగిపోయింది. కొత్త యజమానులు వేరు, పాత బాకీల పాపం వాళ్ల నెత్తిన పెట్టడం సరికాదు. ఊరు పట్టించుకోని జట్టును ఊళ్లో ఎందుకుంచాలని వాళ్లడిగితే మనం చెప్పే జవాబు కూడా ఏమీ లేదు.

ఆ వార్త చిన్నబాపుకు చెప్పినప్పుడు పత్తి ఏరడానికి కూలీలను మాట్లాడుకొని అప్పుడే ఇంటికొచ్చాడు. కాళ్లు కడుక్కుంటూ విన్నాడు.

"పేరు గూడ మార్చిండ్రా?"

"మార్చిండ్రు. ఢిల్లీకి పోయింది. వీళ్లు కొత్తోళ్లు, పాతోళ్లు కాదు చిన్నబాపూ."

తువ్వాలతో ముఖం తుడుచుకొని అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పనిది. ఇంటికి పోవడానికి ఔట్‌పాస్ కాయితం చేతికొచ్చాక, విమానం ఇంకో రెండు రోజులుందనగా, ఆ నోటుబుక్కు సంకలో పెట్టుకొని ఆఖరుసారి కంపెనీ ఆఫీసుకు పోయాడట. రెండు బస్సులు మారి, ఎండలో నడిచి.

"గేటు మీద బోర్డు మారింది. వాచ్‌మన్ మనోడే, నిజామాబాదాయన. లోపలికి రానియ్యలే. బుక్కు చూపెట్టిన. చూసిండు. గసుంటి పేరుతోని ఈడ ఏ కంపెనీ లేదన్నా, అన్నడు."